తొమ్మిదో టేబుల్‌కి ఎవరూ రాలేదు

శుక్రవారం. అక్టోబర్ పదిహేడు. మధ్యాహ్నం పన్నెండు నలభై.

షెఫీల్డ్ నగరం. డాన్ నది ఒడ్డున ‘కోల్డ్ యాన్విల్’ అనే గాస్ట్రోపబ్, మంచి భోజనం కూడా పెట్టే పబ్. కిటికీ పక్కన తొమ్మిదో నంబర్ టేబుల్.

టేబుల్ మీద పొగలు కక్కుతున్న ఫిష్ అండ్ చిప్స్. పక్కనే పచ్చబఠానీల ముద్ద. ఒక పైంటు గ్లాసు నిండా నల్లటి ఏల్ బీరు. మడత విప్పని నాప్కిన్.

కుర్చీలో మనిషి లేడు.

లంచ్ వేళ. పబ్ కిటకిటలాడుతోంది. బార్ దగ్గర నిలబడడానికి కూడా చోటు లేదు. అయినా ఆ కుర్చీ లాక్కుని కూర్చోవడానికి ఒక్కరూ ముందుకు రావడం లేదు. రోజూ వచ్చేవాళ్ళయితే ఆ టేబుల్ పక్కనుంచి నడవకుండా చుట్టు తిరిగి వెళ్తున్నారు.

పబ్ ఓనర్ మ్యాగీ ఆర్డర్ టికెట్‌ని మూడోసారి చదివింది. టేబుల్ తొమ్మిది. ఒక్కరికి. పేరు, సుహాస్.

తలెత్తి తలుపు వైపు చూసింది. తలుపు అద్దానికి మే నెల నుంచి ఒక పోస్టర్ అతికించి ఉంది. నవ్వుతున్న మొహం. ‘మిస్సింగ్’ అని పెద్ద అక్షరాలు. కింద అదే పేరు.

 వెంటనే పోలీసులకి ఫోన్ చేసింది.

* * *

ఒంటిగంటా పదికి డిటెక్టివ్ సార్జెంట్ కిరణ్మయి పబ్‌లో అడుగు పెట్టింది. వెనకే కానిస్టేబుల్ టామ్.

కిరణ్మయిది విజయనగరం. పెళ్ళయి ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళు. పోలీసు ఉద్యోగంలో చేరి పదిహేడేళ్ళు. ఎన్నో కేసులు చూసింది. మూసేసింది. మర్చిపోయింది. సుహాస్ కేసు మాత్రం ఆమెని వదలడం లేదు.

కేసు చూస్తే చాలా చిన్నది. సుహాస్ కాకినాడ కుర్రాడు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఏప్రిల్‌లో భార్య అపూర్వ తమ్ముడి పెళ్ళికని ఇండియా వెళ్ళింది. ఏప్రిల్ ఇరవై ఆరు, శనివారం ఉదయం తొమ్మిదీ పదికి ఆమె ఫోన్‌కి సుహాస్ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది.

‘నన్ను వెతకొద్దు. నాకు ఈ పెళ్ళి వద్దు. వేరే బతుకు మొదలుపెడుతున్నాను.’

మెసేజ్ వచ్చింది షెఫీల్డ్ రైల్వే స్టేషన్ దగ్గర నుంచి. తర్వాత ఫోన్ ఆగిపోయింది. అంతే. మనిషి జాడ లేదు.

మే నెలలో అపూర్వ పరుగెత్తుకుంటూ తిరిగొచ్చి పోలీస్ స్టేషన్‌లో కూర్చుంటే, కిరణ్మయే ఆమెకి టీ ఇచ్చి ఓదార్చింది. “కొందరు మగవాళ్ళు ఇలాగే వెళ్ళిపోతారమ్మా. నువ్వు ధైర్యంగా ఉండాలి” అంది.

అపూర్వ తలొంచుకుని కప్పు వైపు చూసింది. ఆ వంగిన తల కిరణ్మయికి ఇప్పటికీ కళ్ళలో మెదులుతూనే ఉంటుంది. ఎందుకన్నానా ఆ మాట అని తనను తాను తిట్టుకోని వారం లేదు.

ఈ పొద్దున కూడా అపూర్వ ఫోన్ చేసింది.

“అక్కా, ఆదివారం నా ఫ్లైట్. వీసా గడువు అయిపోయింది. ఇంక పొడిగించరంట. నేనేం చెప్పాలక్కా అక్కడికెళ్ళి? మా అత్తగారు నావల్లే వెళ్ళిపోయాడంటున్నారు. నిజంగా నావల్లేనా? అదొక్కటి తెలిస్తే చాలు, వెళ్ళిపోతాను.”

 ఇంక రెండు రోజులే టైముంది.

* * *

“ఎవరైనా ఆకతాయితనంగా ఆ పేరు పెట్టి ఆర్డర్ చేశారేమో” అన్నాడు టామ్.

“ఇది ఆరోసారి లవ్” అంది మ్యాగీ. ఆ ఊళ్ళో ఎవర్నైనా ‘లవ్’ అనే పిలుస్తారు. “మొదటి రెండుసార్లు నేనూ ఎవరో ఆకతాయి అనుకున్నాను. ఇప్పుడు బారీ కూడా ఈ టేబుల్ తుడవనంటున్నాడు. మా దగ్గర దెయ్యం ఉందని ఊరంతా పాకిపోయింది.”

“మొదటిసారే మాకెందుకు చెప్పలేదు?”

“అప్పుడు ఆర్డర్‌లో పేరుండేది కాదు. ‘గెస్ట్’ అని వచ్చేది. పోయిన వారం యాప్ మార్చారు. ఇప్పుడు పేరు కొట్టకపోతే ఆర్డర్ తీసుకోదు.”

కిరణ్మయి తలూపింది. ఆర్డర్ చేసినవాడు ఏదో ఒక పేరు కొట్టొచ్చు. జాన్ అనో పీటర్ అనో. కొట్టలేదు. ఆ భోజనం ఎవరిదో ఆ పేరే కొట్టాడు. వేరే పేరు పెట్టడానికి మనసొప్పలేదన్నమాట.

“ఎవరు ఆర్డర్ చేశారో తెలుసుకోవచ్చా?”

“టేబుల్ మీద ఉన్న కోడ్ స్కాన్ చేస్తే చాలు. కోడ్ ఫొటో ఉంటే ఎక్కడి నుంచైనా చేయొచ్చు. డబ్బు గిఫ్ట్ కార్డుతో కట్టారు, దాని మీద పేరుండదు.”

“వెనకటి తేదీలు కావాలి.”

మ్యాగీ కంప్యూటర్లో వెతికి చదివింది. కిరణ్మయి నోట్‌బుక్‌లో రాసుకుంది.

మే 23. జూన్ 21. జూలై 21. ఆగస్టు 19. సెప్టెంబర్ 17. ఇవాళ, అక్టోబర్ 17.

టామ్ తల గోక్కున్నాడు. “ఒకటి శుక్రవారం, ఒకటి శనివారం, ఒకటి సోమవారం. పొంతన లేదు సార్జ్.”

కిరణ్మయి టేబుల్ మీదకి వంగి గ్లాసు చూసింది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది.

“మ్యాగీ, ఈ బీరు మడ్డిగా ఉందేం?”

మ్యాగీకి చురుక్కుమంది. రియల్ ఏల్ అమ్మేవాళ్ళకి అంతకన్నా అవమానం లేదు. ఆ బీరు పీపాలోనే పులుస్తుంది. దాన్ని కాస్క్ అంటారు. కొత్త కాస్క్ వస్తే రెండు రోజులు కదపకుండా ఉంచాలి. మడ్డి అడుక్కి దిగాలి. అప్పుడు చేతి పంపుతో లాగితే అద్దంలా తేటగా వస్తుంది.

“నా పబ్‌లో మడ్డి బీరు పోయరు!” అంటూ గ్లాసు లాక్కుని చూసింది. మొహం పాలిపోయింది. “ఇది మైల్డ్, నల్ల ఏల్. ఇది ఇవాళ అమ్మకానికే లేదు.”

“అంటే?”

మ్యాగీ బార్ వైపు వేలు చూపించింది. ఐదు చేతి పంపులు. నాలుగింటి మీద బీరు పేర్ల బిళ్ళలు జనం వైపు తిరిగి ఉన్నాయి. ఐదోది గోడ వైపు తిరిగి ఉంది.

“బిళ్ళ వెనక్కి తిప్పామంటే ఆ బీరు ఇంకా తయారు కాలేదని. ఈ కాస్క్ నిన్న పొద్దునే దిగింది. రేపటి దాకా ముట్టకూడదు.”

“మరి ఆర్డర్‌లో ఏముంది?”

“బిట్టర్. మైల్డ్ లేనప్పుడు యాప్‌లో కనపడదుగా.”

బార్‌మన్ బారీని పిలిచింది. అరవై ఏళ్ళ మనిషి. నడుముకి బెల్టు.

“నేను పోసింది బిట్టరే” అన్నాడు బారీ. “బంగారం రంగు. టేబుల్ మీద పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేశాను. ఈ నల్లది నేను పోయలేదు. ఒట్టు.”

“ప్లేటు ఎవరు తెచ్చారు?”

“కిచెన్ నుంచి వచ్చింది. ఆ రష్‌లో ఎవరు తెచ్చారో చూడలేదు.”

“పంపులోంచి రాని బీరు ఎక్కడి నుంచి వస్తుంది?”

“సెల్లార్‌లోకి దిగి కాస్క్ నుంచే పట్టుకోవాలి.”

“సెల్లార్ తాళాలు ఎవరి దగ్గరుంటాయి?”

“నా దగ్గరొకటి” అంది మ్యాగీ. “గణేశ్ దగ్గరొకటి. మా చెఫ్. ఏల్ పని కూడా వాడిదే. బంగారం లాంటి పిల్లాడు లవ్. ఇంత భయంలో కూడా ప్రతిసారీ ఆ ప్లేటు తనే తీసేస్తాడు. ఇంకెవర్నీ ముట్టనివ్వడు.”

కిరణ్మయి నోట్‌బుక్ మూసింది.

చెఫ్ వంట చేస్తాడు. టేబుళ్ళ మీద ప్లేట్లు తీయడు.

* * *

ఒకటీ నలభై. కిరణ్మయి వెనక యార్డ్‌లోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

యార్డ్ చిన్నది. ఒక మూల సెల్లార్‌లోకి పీపాలు దించే ఇనప తలుపు. దాని పక్కన నాలుగు పెద్ద రాతిపలకలు. ఎక్కడో లోతున నీళ్ళ చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఎండ కాస్తున్నా అక్కడ నిలబడితే చలిగా ఉంది. ఎందుకో ఆమెకి ఒంటరిగా ఉన్నట్టు అనిపించలేదు.

“అమ్మా, వంటింట్లో తెలుగు కాలెండర్ ఉంది కదా. కొన్ని తేదీలు చెప్తాను, ఏ తిథులో చూడు.”

“ఏంటే ఈ వేళప్పుడు? భోంచేశావా?” అంది వరలక్ష్మి. డెబ్బై నాలుగేళ్ళామె, కూతురి దగ్గరే ఉంటుంది.

“తర్వాత తింటాలే. ముందు చూడమ్మా.”

“ఇవాళ్టిది చూడక్కర్లేదు. పొద్దుట్నుంచీ ఉపవాసం ఉన్నాను కదా, ఏకాదశి.”

“సెప్టెంబర్ పదిహేడు?”

కాగితాల చప్పుడు. “ఏకాదశే. బహుళ ఏకాదశి.”

“ఆగస్టు పంతొమ్మిది?”

“అదీ బహుళ ఏకాదశే. జూలై ఇరవై ఒకటి... అదీ అంతే. ఏవిటే ఇది? నెల నెలా ఎవరైనా ఏదైనా చేస్తున్నారా?”

“ఒక మనిషి పేరున భోజనం పెడుతున్నారమ్మా. అతనికి ఇష్టమైనవి. ఎవరూ తినరు.”



“మాసికాలే పిచ్చిదానా!” అంది వరలక్ష్మి. “మనిషి పోయాక ఏడాది దాకా నెల నెలా అదే తిథికి పెడతారు. మీ నాన్నకి పెట్టలేదూ? ఎవరు పోయారే?”

కిరణ్మయి గోడకి ఆనుకుంది.

“అమ్మా, ఏప్రిల్ ఇరవై ఆరు ఏం తిథి? పొద్దున తొమ్మిదింటికి, ఇక్కడి టైము.”

“ఉండు, కళ్ళజోడు... చతుర్దశి.”

“బహుళ ఏకాదశి ఎప్పుడు మరి?”

“అంతకు ముందు గురువారం. ఇరవై నాలుగు. అది కూడా ఇండియాలో మధ్యాహ్నం రెండున్నర దాకానే. తర్వాత ద్వాదశి వచ్చేస్తుంది. కాలెండర్లో ఆ రోజుకి పెద్దక్షరాలతో ఏది రాశారన్నది కాదే. ప్రాణం పోయిన వేళకి ఏ తిథి నడుస్తోందన్నదే లెక్క.”

ఇండియాలో రెండున్నర. ఇక్కడ ఉదయం పది.

మెసేజ్ వచ్చింది శనివారం. మనిషి పోయింది గురువారం, ఉదయం పది లోపు.

చచ్చిపోయినవాడు రెండు రోజుల తర్వాత భార్యకి మెసేజ్ ఎలా పెడతాడు?

కిరణ్మయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరు నెలలుగా తాను, అపూర్వ, కాకినాడలో ఆ అత్తగారు, అందరూ ఒక అబద్ధాన్ని నమ్మి ఏడ్చారు. వెంటనే కోపం వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

“టామ్!” అని పిలిచింది. “శ్రీకాంత్‌ని రమ్మను.”

* * *

శ్రీకాంత్ రెండూ పదికి వచ్చాడు. ఆఫీసు అక్కడికి పది నిమిషాల నడక. సుహాస్‌తో కలిసి పనిచేసినవాడు. ఏప్రిల్‌లో ప్రమోషన్ విషయమై ఇద్దరూ ఆఫీసులో అరుచుకున్నారు. అందుకే మొదటి అనుమానం అతని మీదే పడింది.

“మళ్ళీ నన్నేనా మేడమ్?” అన్నాడు వస్తూనే. “ఆర్నెల్లుగా మా ఆఫీసులో అందరూ నన్నొక హంతకుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. ఆ శనివారం నేను స్విండన్‌లో ఉన్నానని చెప్పాను కదా.”

“శనివారం సంగతి వదిలెయ్యి. గురువారం పొద్దున ఎక్కడున్నావ్?”

“గురువారమా? ఆఫీసులో. ఎనిమిదిన్నరకే. వాడు గురు, శుక్రవారాలు సెలవు పెట్టాడు. వాడి పని కూడా నా నెత్తినే పడింది.”

“సెలవు ఎందుకు?”

“చెప్పలేదు. ఏదో సర్‌ప్రైజ్ అన్నాడు.”

“ఈ పబ్‌కి ఎప్పుడూ వచ్చేవాళ్ళా?”

“ప్రతి గురువారం లంచ్ ఇక్కడే. ఈ టేబులే. వాడికి మైల్డ్ అంటే పిచ్చి. ఒక్క పైంటు తీసుకుని గంటసేపు తాగేవాడు. కిచెన్‌లో మన తెలుగబ్బాయి గణేశ్ ఉన్నాడు కదా, పని లేకపోతే వచ్చి మా పక్కన కూర్చునేవాడు. వాడూ సుహాసూ బాగా క్లోజ్.”

“శ్రీకాంత్, ఇవాళ తిథేంటి?”

అతను వెర్రిచూపు చూశాడు. “నాకేం తెలుసు మేడమ్? మా అమ్మ వాట్సాప్‌లో పువ్వుల బొమ్మ పెడితే ఓహో పండగ అనుకుంటాను.”

కిరణ్మయికి నవ్వు రాబోయి ఆగింది.

* * *

రెండూ నలభై ఐదు. లంచ్ జనం పల్చబడ్డారు.

కిరణ్మయి చెప్పినట్టే మ్యాగీ కిచెన్ వైపు తిరిగి కేకేసింది. “పోలీసులు వెళ్ళిపోయారు గణేశ్! ఆ టేబుల్ మీదవి తీసేయ్ నాయనా!”

కిరణ్మయి, టామ్ మేడ మీద గదిలో ఉన్నారు. తెరిచిన కిటికీ పరదా వెనక. కింద యార్డ్ మొత్తం కనిపిస్తోంది.

రెండు నిమిషాలు.

గణేశ్ బయటికి వచ్చాడు. సన్నగా ఉన్నాడు. ఇరవై ఏడేళ్ళుంటాయి. తెల్ల చెఫ్ కోటు. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో పైంటు. చుట్టూ చూశాడు. బూట్లు విప్పాడు. సాక్సులు కూడా విప్పాడు. అక్టోబర్ చలిలో వట్టి కాళ్ళతో నడిచి రాతిపలకల దగ్గరికి వెళ్ళాడు.

రెండో పలక మీద ప్లేటు పెట్టాడు. పక్కన గ్లాసు పెట్టాడు. మూలనున్న కుళాయి కింద వేళ్ళు తడిపి ప్లేటు చుట్టూ నీళ్ళు తిప్పాడు. నాలుగడుగులు వెనక్కి వచ్చి చేతులు జోడించాడు.

“కా... కా... కా...”

టామ్ నోరు తెరిచాడు. “ఏం చేస్తున్నాడు?”

“కాకిని పిలుస్తున్నాడు” అంది కిరణ్మయి.  “కాకి వచ్చి ముడితే చనిపోయినవాళ్ళు తృప్తి పడ్డారని మా నమ్మకం.”

పబ్ కప్పు మీద రెండు కాకులు ఉన్నాయి. కిందికి చూశాయి. ఎగిరి నది అవతలికి పోయాయి.

గణేశ్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “ఇంగెన్ని నెల్లురా!” అన్నాడు రాతిపలకతో. “ఏం కావాలో చెప్పరా, తెచ్చిపెడతా!”

కిరణ్మయి అప్పటికే మెట్లు దిగుతోంది.

* * *

మూడూ ఇరవై. తొమ్మిదో టేబుల్ చుట్టూ నలుగురు కూర్చున్నారు. మ్యాగీ, బారీ, శ్రీకాంత్, గణేశ్. టామ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. పబ్ మూసేశారు.

“దెయ్యాలు యాప్‌లో ఆర్డర్ చేయవు” అని మొదలుపెట్టింది కిరణ్మయి. “ఈ భోజనం పెట్టింది మనిషే. ఎవరో చెప్తాను. ముందు తేదీలు. మనం వారాలు చూశాం, నెలలు చూశాం, కుదరలేదు. ఎందుకంటే ఇది మీ కాలెండర్ కాదు మ్యాగీ. చంద్రుణ్ణి బట్టి లెక్కేసే మా తెలుగు కాలెండర్. ఆరు తేదీలూ ఒకే తిథి. చనిపోయినవాళ్ళకి మా వాళ్ళు నెల నెలా అలా పెడతారు.”

“అంటే సుహాస్...” అన్నాడు శ్రీకాంత్. మాట పూర్తి కాలేదు.

“అవును. మనమందరం అతను శనివారం దాకా బతికే ఉన్నాడనుకున్నాం. అందుకే అందర్నీ శనివారం గురించే అడిగాం. కానీ ఈ తిథి గురువారానిది. అది కూడా ఉదయం పది లోపుది. అతను ఏ రోజు, ఏ పూట పోయాడో ఒక్కరికే తెలుసు. పెళ్ళాం కూడా భర్త పారిపోయాడనుకుంటుంటే, ఆ ఒక్కరే మాసికాలు పెడుతున్నారు.”

కిరణ్మయి టేబుల్ చుట్టూ ఒక్కొక్కరినీ చూసింది.

“తిథి తెలిసినవాళ్ళు కావాలి. మ్యాగీ, బారీ కాదు. సెల్లార్ తాళం ఉన్నవాళ్ళు కావాలి. శ్రీకాంత్ కాదు. బారీ పోసిన బిట్టర్ తీసేసి, ఎవరో సెల్లార్‌లోకి దిగి కొత్త కాస్క్ నుంచి మైల్డ్ పట్టుకొచ్చారు. మడ్డిగా ఉంటుందని తెలిసి కూడా. ఎందుకు? పోయినవాళ్ళకి వాళ్ళకిష్టమైనదే పెట్టాలి. వేరేది పెడితే ముట్టరు. అందుకేగా గణేశ్?”

గణేశ్ తలెత్తలేదు. టేబుల్ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“నేను సంపలేదక్కా” అన్నాడు. కడప యాస. ఎక్కిళ్ళ మధ్య మాటలు. శ్రీకాంత్ వాటిని మెల్లగా ఇంగ్లీషులో మ్యాగీకి చెబుతున్నాడు. “సత్తెంగా సంపలేదు.”

కిరణ్మయి అరెస్టు హెచ్చరిక చదివింది. లాయరు వచ్చేదాకా మాట్లాడక్కర్లేదని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పింది. గణేశ్ తల అడ్డంగా ఊపాడు.

“చెప్పనీ అక్కా. ఆర్నెల్లు మోసినా. ఇంగ నా వల్ల కాదు.” మొహం తుడుచుకున్నాడు. “ఆ పొద్దు తొమ్మిదికి వచ్చినాడు. వదినె మే మూడో తేదీ ఇండియా నుంచి వస్తాంది, ఇదే టేబుల్ మీద సర్‌ప్రైజ్ లంచ్ పెట్టాలన్నాడు. ఆయమ్మకి ఈడి తిండి పడదంట. గుత్తొంకాయ చేసి పెట్టరా, నీ కాళ్ళు మొక్కుతా అన్నాడు నవ్వుకుంటా. మైల్డ్ కొత్త కాస్క్ వచ్చింది సూస్తావా అని నేనే సెల్లార్‌లోకి తీస్కపోయినా. బయటోళ్ళు రాకూడదు. తెలుసు. అయినా తీస్కపోయినా.”

“తర్వాత?”

“లాగర్ బీరు పంపుకి గ్యాస్ సిలిండర్ మార్తాండినా. చేప వ్యాను హారన్ కొట్టినాడు. సరిగ్గా బిగించకుండానే పైకి పోయినా. వాడు కాస్క్‌కి చెవి పెట్టుకోని, లోపల బుసబుసమంటాంది రా, వింటా ఉంటా నువ్వు పో అన్నాడు. పైన ఇరవై నిమిషాలైంది.”

“గ్యాస్ అలారం మోగలేదా?”

గణేశ్ కళ్ళు మూసుకున్నాడు.

“ప్లగ్గు పీకేసిండినా. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునేకి.”

మ్యాగీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

“దిగి సూస్తే గ్యాస్ నిండిపోయి, ఊపిరాడక కింద పడిండాడు. పైకి లాక్కొచ్చి ఛాతీ మీద నొక్కినా. పది నిమిషాలు. లేవలేదు.”

“అంబులెన్స్ కోసం 999కి ఫోన్ చేశావా?”

గణేశ్ ఆమె వైపు చూశాడు. ఆ చూపు చూసి కిరణ్మయికే భయమేసింది.

“ఆ పొద్దు ఫోన్ చేసింటే బతికేవాడేమో. ఇదే అక్కా నన్ను తినేస్తాండేది. నిద్ర పడితే సాలు, లోపల బుసబుసమంటాందిరా అంటాడు. వీసా పోతుంది, జైలు అనుకుంటి. యార్డ్‌లో పాత మిల్లు కాలవ రిపేరుకి ఆ పలకలు లేపిండ్రి. వాణ్ణి దాంట్లో దించేసినా. శుక్రవారం మూసేసినారు.”

“శుక్రవారమే” అంది మ్యాగీ సన్నగా. “నేనే దగ్గరుండి వేయించాను.”

“మెసేజ్?” అంది కిరణ్మయి.

“వాడి వేలు పెట్టి ఫోన్ తెరిసి లాక్ తీసేసినా. రెండు దినాలు బిజీ అని పెట్టినా. మూడో దినం స్టేషన్ కాడికి పోయి అది పెట్టినా. ఎవరూ వెతకకూడదని.”

“ఒక్క మాట అడుగుతాను గణేశ్.” కిరణ్మయి టేబుల్ మీదకి వంగింది.  “రైలెక్కి పోతున్నా అని ఊరుకోవచ్చుగా? నాకు ఈ పెళ్ళి వద్దు అని ఎందుకు రాశావు? ఆ పిల్ల నీకేం చేసింది?”

గణేశ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

“కోపమొస్తే... వదినె వెతకదనుకుంటి అక్కా.”

* * *

నాలుగూ ఇరవై. పనివాళ్ళు రెండో పలక లేపారు. కింద ఇటుక కమాను. చీకటి. చల్లటి గాలి ఒక్కసారిగా పైకి వచ్చింది. అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

లైటు వేసి దిగిన ఫోరెన్సిక్ అధికారి ఐదు నిమిషాలకి పైకి చూసి తలూపాడు. నీలం జాకెట్, ఎడమ చేతికి వెండి వాచీ. మిస్సింగ్ రిపోర్టులో అపూర్వ రాయించిన గుర్తులు.

పలక లేపకముందే దాని మీది ప్లేటుని టామ్ తీసి పక్కన పెట్టాడు. గ్లాసు కూడా తీశాడు. శ్రీకాంత్ గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. మ్యాగీ అతని భుజం చుట్టూ చెయ్యి వేసి అలాగే నిలబడింది.

* * *

ఐదూ నలభై. అపూర్వ ఫ్లాట్.

హాల్లో రెండు సూట్‌కేసులు సగం సర్ది ఉన్నాయి. ఒకదాంట్లో ఆమె బట్టలు. ఇంకోదాంట్లో అన్నీ మగవాళ్ళ చొక్కాలు, ఇస్త్రీ చేసి మడతపెట్టినవి.

కిరణ్మయి కూర్చోలేదు. వచ్చే దారంతా ఎలా చెప్పాలా అని వంద రకాలుగా అనుకుంది. తీరా ఆ పిల్ల మొహం చూశాక ఒక్క రకమూ గుర్తు రాలేదు.

“అపూర్వా, సుహాస్ దొరికాడమ్మా. లేడు. ఏప్రిల్ ఇరవై నాలుగునే పోయాడు. యాక్సిడెంట్.”



“ఇరవై నాలుగా?” అంది అపూర్వ. “మెసేజ్ వచ్చింది ఇరవై ఆరు కదక్కా.”

“ఆ మెసేజ్ అతను పెట్టలేదు. పెట్టినవాడు ఒప్పుకున్నాడు. అంతా దొంగ మెసేజ్.” కిరణ్మయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “నీకోసం లంచ్ ఏర్పాటు చేయడానికి వెళ్ళాడమ్మా ఆ పొద్దున. నువ్వు తిరిగొచ్చే రోజుకి. గుత్తొంకాయ చేయించాలని బతిమాలాడంట. అక్కడే జరిగింది. నేను నీకు ఆ రోజు చెప్పిన మాట తప్పు. క్షమించు.”

అపూర్వ పెదాలు కదిలాయి. 

“నాకోసమా?”

“నీకోసమే.”

ఆమె లేచింది. గోడ పట్టుకుంది. బల్ల మీద ఫోన్ తీసి నంబర్ నొక్కింది. కాకినాడలో రాత్రి పదిన్నర కావస్తోంది. నాలుగు రింగులు. అటు నుంచి నిద్రమత్తులో ఒక పెద్దావిడ గొంతు. ఆ గొంతులో ఆర్నెల్ల కోపం అలాగే ఉంది.

“ఏంటి ఈ వేళప్పుడు?”

అపూర్వ ఫోన్ని రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తల మాత్రం, ఆరు నెలల్లో మొదటిసారి, నిటారుగా లేచింది.

“అత్తయ్యా” అంది. “మీ అబ్బాయి నన్ను వదిలేసి పోలేదు అత్తయ్యా.”

 పెద్దావిడకి ఇంకా అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా కిరణ్మయి అక్కడే, అపూర్వ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.